అద్దం కాపీ

ఆ ఫొటోగ్రాఫరును ఊరంతా ‘వంకర బాబాయి’ అని పిలిచేది. ఆ పిలుపులో ఎకసెక్కం లేదని చెప్పలేము. కాని ఏళ్ల తరబడి నోళ్లలో నాని నాని అందులోని పదును పోయింది. అతని నోరు ఎడమవైపుకు ఎవరో దారం కట్టి లాగినట్టుండేది. మాట్లాడేటప్పుడు ఆ దారం మరికాస్త బిగిసేది. నవ్వితే, నవ్వు ఒక పక్కనే పుట్టి, రెండో పక్కకు చేరకముందే ఆరిపోయేది.

పుట్టుకతో వచ్చిన వంకర కాదది. అతని తండ్రి వడ్రంగి. పనిలో మొనగాడే కాని, కోపం వచ్చినప్పుడు చేతిలో ఏ పనిముట్టు ఉంటే అదే అతని నాలుక. కొడుక్కు పన్నెండేళ్లప్పుడు ఒక కుర్చీకి చేతులు చెక్కమని పురమాయించాడు. పిల్లవాడు రోజంతా చెక్కి, నునుపు పట్టించి, గర్వంగా తెచ్చి ముందు పెట్టాడు. తండ్రి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకే పక్కకు వంపు తిరిగి ఉన్నాయి.

“కుర్చీకి రెండూ కుడిచేతులే చేశావేంట్రా? నీకు రెండూ కుడిచేతులే ఉన్నాయా?” అన్నాడు తండ్రి.

పిల్లవాడు తన చేతులకేసి చూసుకున్నాడు. అతడు తల ఎత్తేలోపల కొయ్య సుత్తి దవడ మీద పడింది. నోటినిండా నెత్తురు, నెత్తుటిలో రెండు పళ్లు. తల్లి పరుగున వచ్చి పాతచీర చింపి తలకూ గడ్డానికీ కలిపి బిగించి కట్టింది. ఆసుపత్రికి తీసుకుపోతే ఎవరు కొట్టారని అడుగుతారు కనుక తీసుకుపోలేదు. విరిగిన ఎముక తనకు తోచినట్టు అతుక్కుంది.

పెరట్లో నీళ్లతొట్టి పైన గోడకు ఒక అద్దం ఉండేది. రోజూ మొహం కడుక్కుంటూ పిల్లవాడు అందులోకి చూసుకునేవాడు. మొదట్లో ఏడుపు వచ్చేది. కొన్నాళ్లకు కన్ను ఆ ఒరుగుకు అలవాటు పడింది. రోజులు గడిచేకొద్దీ వంకర తగ్గుతున్నట్టే తోచింది. చివరికి నయమైపోయిందనే అనుకున్నాడు. అప్పుడు మేనమామ ఎక్కడినుంచో ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చి ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ఫొటో తీయించాడు. ఫొటో వచ్చింది. అందరూ ఎవరిని వారు వెతుక్కుంటున్నారు. పిల్లవాడికి తాను కనబడలేదు. తాను నిలబడ్డ చోట ఇంకెవడో నిలబడి ఉన్నాడు. వాడి నోరు వేరే పక్కకు, తనకు తెలిసినదానికి రెండింతలుగా ఒరిగి ఉంది.

“వీడెవడమ్మా?” అని అడిగాడు.

“నువ్వేరా! అచ్చం నువ్వే! ఎంత బాగా పడ్డావో చూడు,” అంది తల్లి ముచ్చటగా.

తల్లి రోజూ చూసే మొహం అదే మరి. పిల్లవాడు చూసే మొహం అది కాదు. ఏ మనిషి మొహంలోనూ రెండు సగాలూ ఒకదానికొకటి సరిపోవు. ఒక కనుబొమ్మ కాస్త పైన ఉంటుంది, ఒక చెంప కాస్త నిండుగా ఉంటుంది. మన ఎడమ అద్దంలో మన ఎడమచేతివైపే ఉంటుంది. ఫొటోలో ఎదుటి మనిషిలా తిరిగి నిలబడి కుడిచేతివైపుకు పోతుంది. అద్దంలోని ఒరుగును అలవాటు దిద్దేస్తుంది. ఫొటోలో అదే ఒరుగు అలవాటు లేని పక్కకు గెంతేసరికి, దిద్దిన దిద్దుబాటంతా చెడి, కన్ను ఆ తేడాను రెండుసార్లు లెక్కపెడుతుంది. ఇంత సంగతి ఆ వయసులో అతడికి తెలియదు. ఫొటోలో తనున్న మూలను పరపరా చింపేశాడు. చింపినందుకు తండ్రి మళ్లీ అదే చెంప మీద కొట్టాడు.

మీసాలు మొలిచే వయసుకు ఇల్లు విడిచి, పట్నంలో ఒక ముసలి ఫొటోగ్రాఫరు దగ్గర పనికి కుదిరాడు. ఆ గురువు పొట్టివాడు, కోపిష్టి. అయినా సుత్తి పట్టేవాడు కాదు, తిట్లతోనే సరిపెట్టేవాడు. చీకటిగదిలో ఎర్రదీపం కింద పని నేర్చుకుంటూ ఒకనాడు శిష్యుడు తన నెగెటివ్‌నే పొరపాటున తిరగేసి పెట్టాడు. కాగితం మందునీళ్లలో వేయగానే నెమ్మదిగా ఒక మొహం తేలింది. పెరటి అద్దంలోని మొహం! ఇన్నేళ్లుగా తాను ఎరిగిన, తనకు నయమైనట్టు కనబడిన ఆ మొహమే. అతడు పళ్లెం మీదికి వంగి అలాగే ఉండిపోయాడు. గురువు వెనకనుంచి వచ్చి చూసి నెత్తిన ఒక్కటి మొట్టాడు.

“తిరగేసి పెట్టావురా గాడిదా! చొక్కా జేబు కుడివైపుకు పోయింది, కనబడలేదా? జేబు చూడు. ఎప్పుడూ ముందు జేబు చూడాలి. మొహం మోసం చేస్తుంది గాని జేబు చెయ్యదు.”

గురువు పోయాక మార్కెట్టు వెనక సందులో అతడు సొంతంగా ఒక స్టూడియో పెట్టాడు. ఒక్కటే గది, దాన్ని తెరతో రెండు చేసి, వెనకభాగాన్ని చీకటిగది చేసుకున్నాడు. భార్య బల్ల దగ్గర కూర్చుని వచ్చినవారికి ఫొటోలు అందించేది. ఆమె నోరు వంకర కాదు గాని, మాట మాత్రం ఎప్పుడూ తిన్నగా వచ్చేది కాదు.

తొలి ఏడాదిలోనే ఒక బస్సు డ్రైవరు భార్యతో కలిసి ఫొటో తీయించుకున్నాడు. మనిషి బలిష్ఠుడు, గొప్ప మీసం. కవరు విప్పి ఫొటో చూడగానే అతని మొహం జేవురించింది.

“ఇది నా మొహమా? నా మొహం నాకు తెలీదా? మీసం ఒక పక్కకు కుంగిపోయి, దొంగవెధవలా ఉన్నాను!”

“మీలాగే ఉందండీ,” అంది భార్య మెల్లిగా.

ఆ మాటకు డ్రైవరు ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. అడ్డం వెళ్లిన ఫొటోగ్రాఫరును కాలరు పట్టి ఈడ్చి, వీధివైపున్న అద్దాల బీరువాకు వేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలింది. ఫొటోగ్రాఫరు మోచేయి గాజుపెంకుల్లో దిగబడింది. సందులోని జనం చోద్యం చూశారు. డ్రైవరు ఫొటోను నేలకేసి కొట్టి, బూటుకాలితో మడమ తిప్పి మరీ తొక్కి వెళ్లిపోయాడు. అతని వెనకే ఆ ఇల్లాలు చెంప కొంగుతో కప్పుకుని నడిచింది.

ఆ సాయంత్రం మోచేతికి కట్టుతోనే ఫొటోగ్రాఫరు ఆ నెగెటివ్ తిరగేసి పెట్టి మరో కాపీ తీశాడు. మర్నాడు డ్రైవరు కసి తీరక మళ్లీ వచ్చాడు. అతడు నోరు విప్పకముందే ఫొటోగ్రాఫరు ఈ కాపీ అతని చేతిలో పెట్టాడు. డ్రైవరు కళ్లు విప్పారాయి.

“అదీ! ఇదీ నేనంటే! నిన్నే ఇచ్చి ఉంటే ఈ గొడవంతా ఎందుకయ్యా?” అని కౌగలించుకున్నాడు. పగిలిన బీరువా మాట అతడూ ఎత్తలేదు, ఇతడూ ఎత్తలేదు.

ఆనాటినుంచి ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఏర్పడింది. ఫొటోలోని మనిషికి తిరగేసి తీసిన కాపీ. దాని పేరు అద్దం కాపీ. ఆ మనిషి ఇంటివాళ్లకు తిన్నగా తీసిన కాపీ. దాని పేరు ఇంటి కాపీ. అద్దం కాపీలు గోడ అద్దం కింది అరలో, ఇంటి కాపీలు వాకిలి పక్క అరలో ఉండేవి. ఈ రహస్యం మొగుడూపెళ్లాలకు తప్ప మూడో మనిషికి తెలియదు. జేబు కుడివైపుకు పోయిందని ఎవరూ పసిగట్టలేదు. అద్దంలో చూసుకునేటప్పుడూ అది అలాగే కనబడుతుంది కదా! వంకర బాబాయి తీస్తే మనిషి మనిషిలా ఉంటాడని పేరు వచ్చింది.

“మనిషికో అబద్ధం, ఇంటికో నిజం. బాగుందండీ మీ ధర్మం,” అనేది భార్య.

“రెండూ నిజాలేనే. ఎవరి నిజం వాళ్లకిస్తున్నాను. దెబ్బలు తిన్నవాడికి తెలుస్తుంది దాని విలువ,” అనేవాడతడు.

ఏళ్లు గడిచాయి. ఊరి చివరి ఐసు ఫ్యాక్టరీలో పనికి ఎక్కడినుంచో ఒక ఒంటరి మనిషి వచ్చి చేరాడు. ఎడమ కనుబొమ్మనుంచి చెంప మీదికి దిగిన ఒక పాత గాటు తప్ప ఆ మనిషిని గుర్తుపెట్టుకోవడానికి వేరే ఆనవాలు లేదు. గేటు కార్డుకు ఫొటో కావాలని స్టూడియోకు వచ్చాడు. కార్డుకు తిన్నగా తీసిన చిన్నవి ఇచ్చి, అలవాటు చొప్పున ఒక పెద్ద అద్దం కాపీ కూడా తీసి పెట్టాడు బాబాయి. నా అన్నవాళ్లు లేరన్నాడు కనుక పెద్దదానికి ఇంటి కాపీ తీయలేదు. ఆ మనిషి చిన్నవి పట్టుకుపోయాడు; పెద్దదానికోసం మళ్లీ రాలేదు. అది అద్దం కింది అరలోనే ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే మేస్త్రి ఒకడుండేవాడు. నవ్వుతూ తిట్టే రకం. అతని తిట్టు పడనివాడికి ఆ పూట పని చేసినట్టే ఉండేది కాదు. ఒక ఉదయం, అందరూ చూస్తుండగా, దిమ్మలు ఎక్కించే అరుగు మీద కొత్తవాణ్ని అలాగే తిట్టాడు.

“ఏమయ్యా, ఐసు కొడుతున్నావా, దానికి జోల పాడుతున్నావా?”

పక్కవాళ్లు నవ్వారు. కొత్తవాడు నవ్వలేదు. చేతిలోని ఐసు పగలగొట్టే ఇనుప సూదిని తిప్పి పట్టుకుని, మేస్త్రి మెడలో పిడిదాకా దించాడు. పైకి లాగి మళ్లీ దించాడు. మేస్త్రి ఐసు దిమ్మను కౌగలించుకున్నట్టు బోర్లా పడ్డాడు. నెత్తురు దిమ్మ మీదుగా కొంతదూరం జారి, ఆ చల్లదనానికి అక్కడే చిక్కబడి ఆగిపోయింది. అక్కడున్నవాళ్లకు కాళ్లు కదల్లేదు. హంతకుడు సూదిని తుండుగుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దగ్గర కార్డు చూపించి మరీ వెళ్లిపోయాడు.

పోలీసులు స్టూడియోకు వచ్చేసరికి బాబాయి లేడు; బడిపిల్లల ఫొటో తీయడానికి ఊరికి అవతలి కొసకు వెళ్లాడు. “హంతకుడి ఫొటో ఉందా? త్వరగా!” అన్నాడు కానిస్టేబులు. ఇల్లాలు అరలు వెతికింది. వాకిలి పక్క అరలో లేదు, అద్దం కింది అరలో ఉంది. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. మొహం మొహమేగా, ఎటు తిప్పితే మాత్రం హంతకుడు పుణ్యాత్ముడవుతాడా అనుకుని తీసి ఇచ్చేసింది. కాసేపట్లో ఆ బొమ్మను పెద్దది చేయించి, పలచని కాగితాల మీద అచ్చు వేయించి గోడగోడకూ అంటించారు. నల్లసిరా అలుక్కుపోయి కళ్లూ ముక్కూ ఒక మసక ముద్దయ్యాయి. గాటు మాత్రం కొరడా వాతలా స్పష్టంగా, కుడి చెంప మీద పడింది.

మధ్యాహ్నం కెమెరా సంచీ భుజాన వేసుకుని తిరిగి వస్తున్న బాబాయి మార్కెట్టు మలుపులో కరెంటు స్తంభం మీద ఆ కాగితాన్ని చూశాడు. తన తెర, తన కుర్చీ. మనిషిని గుర్తుపట్టాడు. కింద ‘హత్య’ అన్న మాట చదివాడు. గురువు నేర్పిన అలవాటు కొద్దీ అతని చూపు జేబు మీదికి జారింది. జేబు కుడివైపున ఉంది.

సరిగ్గా అప్పుడే మార్కెట్టులోని కాటా అరుగు వైపునుంచి ఒక అరుపు లేచింది. ఒకరి అరుపు కాదది, గుంపు అరుపు.

“దొరికాడంట! కుడి చెంప మీద మచ్చ! లారీలోంచి లాగారంట!” అంటూ ఇద్దరు ముగ్గురు పరుగెత్తారు.

అక్కడినుంచి ఎడమకు తిరిగితే స్టూడియో సందు. కుడికి తిరిగితే కాటా అరుగు. తిరగేసిన సంగతి తనకూ భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంటికి పోయి తలుపు వేసుకుంటే ఎన్నటికీ తెలియదు కూడా. బాబాయి కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత, గంజి ఇంకా ఆరని ఆ కాగితాన్ని చిరగకుండా పైనుంచి మెల్లగా ఒలిచి, తడితడిగానే పట్టుకుని కుడికి తిరిగాడు.

మూటలు తూచే ఆ అరుగు చచ్చిపోయిన మేస్త్రికి అన్న అయినవాడిది. అందరూ అతణ్ని ‘కాటా అన్న’ అనేవారు. తమ్ముణ్ని ఎత్తుకుని పెంచినవాడు. నేడు అతని అరుగు మీద తూకం లేదు. కాళ్లూ చేతులూ మూటతాళ్లతో కట్టిన ఒక మనిషి ఉన్నాడు. లారీ మీద పరాయి ఊరినుంచి సరుకుతో వచ్చిన కూలీ అతడు. కుడి చెంప మీద మచ్చ ఉన్న మాట నిజమే. ఆ మచ్చ తప్ప మొహంలో ఇప్పుడు మొహం అనదగినది మిగలలేదు. పెదవులు చిట్లి, ముక్కు చితికి, కుడికన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. గుంపులో ఒక్కొక్కరూ వంతులవారీగా వచ్చి తంతున్నారు. చెప్పులు, బెల్టులు, కాటా గొలుసు.

“మచ్చ ఎక్కడిదిరా?” అని అడిగాడు కాటా అన్న.

“మోకు... లారీ మోకు తెగి కొట్టిందన్నా... ఒట్టు...”

“మోకా? మా తమ్ముడి మెడలో దిగింది కూడా మోకేనా?” అని గొలుసుతో మళ్లీ కొట్టాడు.

ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్‌ను ఎవరో ముందుకు తోశారు. “రోజూ చూశావుగా, వీడేనా చెప్పు!”

వాచ్‌మన్ చెయ్యి తన ఎడమ చెంప దాకా వెళ్లి ఆగింది. “మచ్చ ఇటు అనుకున్నానే...”

“నువ్వనుకున్నదేంటయ్యా? ఫొటో అబద్ధం చెబుతుందా?”

“ఏమో మరి. మొహం ఇంత వాచాక ఏం పోల్చను? ఫొటోలో ఎటుంటే అటే అయ్యుంటుంది,” అని వాచ్‌మన్ వెనక్కి తగ్గాడు.

కాటా అన్న గొలుసు పారేసి ఇనుప తూకపురాయి అందుకున్నాడు. కూలీ అది చూసి కళ్లు మూసుకున్నాడు. మూసుకోవడానికి అతనికి ఒక్క కన్నే మిగిలింది. ఆ గుంపును మోచేతులతో చీల్చుకుంటూ వంకర బాబాయి అరుగెక్కాడు.

“కాటా అన్నా, ఆగు! వీడు కాదు!”

“నీకెలా తెలుసు?”

“ఫొటో తీసింది నేనే. మచ్చ ఎడమ చెంప మీద. వీడిది కుడి.”

“ఫొటోలో కుడేగా ఉంది!”

“ఫొటో తిరగబడింది. నేనే తిప్పాను.”

“ఎందుకు తిప్పావు?” అన్నాడు కాటా అన్న, నెమ్మదిగా.

ఇన్నేళ్ల విద్య ఒక్క ముక్కలో చెప్పాల్సి వచ్చేసరికి బాబాయి నోరు మరింత ఒరిగింది. “అతనికి... తన మొహం తనకు నచ్చాలని.”

“హంతకుడికి నచ్చాలని!” అన్నారెవరో. “ఎంత మొహమాటస్థుడివి బాబాయ్!” అన్నారు ఇంకెవరో. నలుగురు నవ్వారు. ఆ నవ్వు గొలుసు దెబ్బకంటే భయంకరంగా ఉంది.

బాబాయి ఇక మాటలు వెతకలేదు. గంజితో తడిసిన ఆ పలచని కాగితాన్ని రెండు చేతులా ఎత్తి, బొమ్మ తనవైపుకు, వెనకవైపు జనం వైపుకు తిప్పి ఎండకు అడ్డంగా పట్టాడు. వెలుగు కాగితంలోంచి ఇవతలికి వచ్చింది. బొమ్మ వెనకనుంచి కనబడింది. గాటు ఎడమ చెంప మీదికి వెళ్లింది. జేబు ఎడమ రొమ్ము మీదికి వెళ్లింది.

“అదీ! అదే మనిషి!” అని కేక పెట్టాడు వాచ్‌మన్. “రోజూ గేట్లో నాకు కనబడే మొహం అదే! వీడు కాదన్నా, వీడు కాదు!”

ఎత్తిన చెప్పులు దిగాయి. ఒకడు బెల్టు నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు, ఇప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా. గుంపులోంచి ఒక బస్సు కండక్టరు గొంతు మాత్రం సందేహిస్తూ లేచింది.

“అయితే... ఎడమ చెంప మీద గాటున్నవాణ్ని ఇందాక బస్టాండులో పోలీసులు ఆపారన్నా. నేనక్కడే ఉన్నాను. ఈ కాగితం పక్కన పెట్టి చూశారు. ‘మచ్చ అటు కాదు, ఇటు ఉండాలి, పో’ అని వదిలేశారు. బస్సెక్కి పోయాడు.”

ఆ మాట కాటా అన్న చెవిలో పడటానికి కొంత సమయం పట్టింది. పడ్డాక అతడు కూలీ వైపు చూడలేదు. కాగితాన్ని ఎండకెత్తి పట్టుకున్న మనిషి వైపు తిరిగాడు.

“నా తమ్ముణ్ని చంపినవాణ్ని చేతికందినాక విడిపించింది నువ్వన్నమాట!”

బాబాయి చేతులు రెండూ పైనే ఉన్నాయి. దించితే బొమ్మ పోతుందని కాబోలు, దించలేదు. తూకపురాయి అతని కుడి దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అరుగు కొసన ఉన్నవాళ్లకు కూడా వినబడింది. నోటినిండా నెత్తురుతో అతడు కూలీ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. కాటా అన్న రాయి వదిలేసి, ఇద్దరి మధ్యా చతికిలబడి, తమ్ముణ్ని చిన్నప్పుడు పిలిచే ముద్దుపేరేదో పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకున్నాడు. తర్వాత పోలీసులు వచ్చారు.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. కూలీ బతికాడు, కుడికన్ను దక్కలేదు. బాబాయి దవడకు తీగలు బిగించి కట్టారు. ఈసారి చీరపేలిక కాదు, అసలైన వైద్యమే. అయినా ఎముక కొంత తప్పుగానే కూర్చుంది. కట్లు విప్పిన రోజున భార్య అతని మొహాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. నవ్వబోయి, ఏడ్చింది.

“మామగారు ఒక పక్క లాగారు, కాటా ఆయన రెండో పక్క లాగాడు. ఇప్పుడు సరిగ్గా ఉన్నారండీ. అద్దంలో చూసినా ఇదే, ఫొటో తీసినా ఇదే. ఇంక మీకు రెండు కాపీలక్కర్లేదు,” అని, కళ్లు తుడుచుకుని, “ఆ అరలోంచి తీసిచ్చింది నేనే కదా. నన్ను కొట్టాల్సింది,” అంది.

“చాలు,” అన్నాడతడు ఇంకా కదలని దవడతోనే. “కొట్టడం చాలు.”

మంచాల మధ్య సందులో ఆ ఇద్దరికీ మాటలు కలవడానికి చాలా రోజులు పట్టింది. మొదట మాట్లాడింది కూలీయే.

“అందరూ పారిపోతారు. నువ్వెందుకొచ్చావు బాబాయ్?”

“జేబు కుడివైపుకు పోయింది,” అన్నాడు బాబాయి. తర్వాత, దవడ నొప్పితో ఆగి ఆగి, అద్దం కాపీ సంగతీ, గురువు చెప్పిన జేబు సంగతీ మొత్తం చెప్పాడు. కూలీ విని కోప్పడలేదు. మిగిలిన కంటితో కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. అద్దం ఇమ్మని అడిగితే నర్సు ఇవ్వనందట. ఆ మాట మాత్రం చెప్పాడు.

హంతకుడు దొరకలేదు. నెగెటివ్‌నుంచి తిన్నగా తీసిన బొమ్మ ఊరూరా గోడలకెక్కింది, వానలకు తడిసింది, ఊడి పడింది. ఒక్క కాపీ మాత్రం కాటా అన్న తన అరుగు మీద కాటాకు ఎదురుగా మేకు కొట్టి వేలాడదీశాడు. ఎడమ చెంప మీద మచ్చ ఉన్న ఆ మొహం ఎదుటే అతడు మూటలు తూచేవాడు. బాబాయి ఆ దారిన పోతే తల తిప్పుకునేవాడు. క్షమాపణ ఇతడూ అడగలేదు, అతడూ అడగలేదు. ఎవరు ఎవరిని అడగాలో ఇద్దరికీ తేలలేదు.

ఇంటికి వచ్చిన రోజునే బాబాయి అద్దం కింది అరను గొడ్డలితో నరికాడు. వడ్రంగి కొడుకు కనుక చెక్క ఎక్కడ చీలుతుందో తెలుసు. అయినా అక్కడ కొట్టలేదు, అడ్డదిడ్డంగా, చేయి నొప్పి పుట్టేదాకా నరికాడు. ఆనాటినుంచి అందరికీ తిన్నని కాపీయే. వచ్చినవాళ్లు కవరు విప్పి మొహం చిట్లించేవారు.

“ఇది నా మొహమేనా బాబాయ్? ఇదివరకు బాగా తీసేవాడివి.”

“నీ మొహమే. నీకు తెలీనిది. ఊరందరికీ తెలిసినది,” అనేవాడు. కొందరు నవ్వేవారు. ఒకడు ఫొటో మొహాన కొట్టి పోయాడు. బేరాలు తగ్గాయి.

ఎండాకాలం ముగిసేవేళకు ఆ కూలీ భార్యను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. కన్ను లేని చోట నల్లగుడ్డ కట్టుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఫొటో తీయమన్నాడు. బాబాయి తెర దించి, కుర్చీ వేసి, దీపాలు సరిచేసి తీశాడు. తీసిన తర్వాత తల వంచుకుని అన్నాడు:

“నీకు మాత్రం అద్దం కాపీ తీస్తానయ్యా. ఒక్కటి. నీకు తెలిసిన మొహం నీకిస్తాను.”

“వద్దు బాబాయ్. వాళ్లు కొట్టింది అద్దంలో మొహాన్ని కాదుగా. వాళ్లకు కనబడినదేదో, అది చూడాలి.”

ఇద్దరూ చీకటిగదిలోకి వెళ్లారు. కూలీ భార్య తెర అవతలే నిలబడింది. ఎర్రదీపం కింద తెల్లకాగితం మందునీళ్లలో మునిగింది. కాసేపటికి భుజాలు, చొక్కా అంచు, చివరికి మొహం తేలాయి. కూలీ పళ్లెం మీదికి వంగాడు. అతడు మొహం వైపు చూడలేదు. ముందు జేబు వైపు చూశాడు. అది ఎడమవైపునే ఉంది. ఆ తర్వాత కన్ను నెమ్మదిగా పైకి జరిగింది. గుడ్డ కట్టిన కన్ను, చితికిన ముక్కు, మోకు దెబ్బ మచ్చ — అన్నీ అతడు ఎరిగిన పక్కన కాక రెండో పక్కన ఉన్నాయి.

“వీడా?” అన్నాడు.

బాబాయి మందునీళ్ల పళ్లెం మెల్లగా ఊపాడు.

“ఇలా ఉంటానా నేను? వీణ్ని చూస్తే నాకే కొట్టాలనిపిస్తోంది బాబాయ్.” అతని పిడికిలి బిగుసుకుని, నీటి మీదికి లేచి, అక్కడే ఆగింది. అతడు దాన్ని మెల్లగా విప్పాడు. ఒక్క వేలితో కాగితం అంచు పట్టి, మునిగిపోకుండా పైకి ఆనించాడు.

ఆరిన ఫొటోను తెర ఇవతలికి తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆమె వీధి వెలుతురులోకి పట్టుకుపోయి చూసింది.

“మీరేనండీ. అచ్చం మీరే,” అంది.

కూలీ ఆమె చేతిలోంచి ఫొటో తీసుకుని, మరొక్కసారి చూడకుండా, చొక్కా ఎడమజేబులో పెట్టుకుని, జేబు పైన అరచెయ్యి ఆనించి వీధిలోకి నడిచాడు.